పుర్రె గుర్తు లేనంత మాత్రాన

మన ఇళ్లలో విషం అన్న పేరు పురుగుల మందుకీ ఎలుకల మందుకీ మాత్రమే దక్కింది. మిగతావన్నీ సామాన్లే. బాత్రూం మూల యాసిడ్ సీసా, సింకు కింద పైపు పొడి, బీరువాలో చీరల మడతల మధ్య కలరా ఉండలు, పూజగదిలో హారతి కర్పూరం, మంచం పక్క ప్లగ్గులో దోమల మందు, గోడలకు రంగులేయించినప్పుడు మిగిలి మెట్ల కింద పడున్న థిన్నర్ డబ్బా. నెల సరుకుల చీటీలో కందిపప్పు పక్కనే వీటిలో సగం పేర్లుంటాయి. అన్నీ ఒకే సంచీలో ఇంటికొస్తాయి. ఒకటి చర్మాన్ని కాలుస్తుంది, ఒకటి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, ఒకటి ఎండకు పేలుతుంది, ఇంకొకటి పసిబిడ్డ రక్తకణాలను పగలగొడుతుంది. ఏది ఏం చేస్తుందో చెప్పడానికే ప్రపంచం కొన్ని గుర్తులు తయారుచేసుకుంది.

ఆ గుర్తులు ఎలా పుట్టాయి, చూసినవాళ్లకు ఎంతవరకు అర్థమవుతున్నాయి, మన దేశంలో ఏ చట్టం ఏ సీసా గురించి మాట్లాడుతోంది అని వరసగా చూసుకుంటూ వస్తే నాకు తేలింది ఇది: మనవాళ్లకు గుర్తులు చదవడం రాదని నిట్టూర్చే ముందు, చదవడానికి గుర్తు అసలు మన ఇంటిదాకా వస్తోందా అని అడగాలి. చాలా సీసాల విషయంలో రావడం లేదు.

పుర్రె కింద అడ్డంగా రెండు ఎముకలు. అందరికీ తెలిసిన గుర్తు ఇదొక్కటే. 1829లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం విషపదార్థం ఉన్న ప్రతి డబ్బా మీదా చీటీ అంటించాలని చట్టం చేసింది. 1850ల నుంచి ఆ చీటీల మీదికి పుర్రె బొమ్మ వచ్చింది. ఆ తర్వాత ఏ దేశం దారి ఆ దేశానిదే. యూరప్ నారింజ రంగు చదరంలో నల్ల బొమ్మలు వేసింది, కెనడా ఎనిమిది పలకల చట్రం గీసింది, అమెరికా బొమ్మల కంటే మాటలను నమ్ముకుంది. ఒకే రసాయనం ఓడ దిగిన ప్రతి రేవులోనూ కొత్త వేషం వేయాల్సి వచ్చేది. 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఈ గందరగోళాన్ని తీర్చాలని తీర్మానించింది. పదేళ్ల కసరత్తు తర్వాత, 2002 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిటీ ఒక ఉమ్మడి పద్ధతిని ఆమోదించింది, 2003లో అది పుస్తకంగా వచ్చింది. అట్ట రంగును బట్టి దాన్ని ఊదా పుస్తకం అంటారు. రెండేళ్లకోసారి సవరిస్తూ ఉంటారు. తెల్లని నేల మీద నల్ల బొమ్మ, చుట్టూ మూల మీద నిలబెట్టిన ఎర్ర చదరం: ఇదీ దాని రూపం. బొమ్మలు మొత్తం 9.

వీటిలో కొన్నింటికి వివరణ అక్కర్లేదు. మంట అంటే అంటుకుంటుందని, పగిలే బాంబు అంటే పేలుతుందని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఎండిన చెట్టు, వెల్లకిలా పడ్డ చేప ఉంటే మురిక్కాలవలోకీ చెరువులోకీ వదలొద్దని అర్థం. గ్యాసు బండ ఆకారం ఉంటే లోపల వాయువు ఒత్తిడిలో ఉందన్నమాట. వలయం మీద మంట ఉండే బొమ్మ మాత్రం తికమక పెడుతుంది. అది తాను అంటుకునేదాని గురించి కాదు, పక్కదాన్ని మండించే పదార్థం గురించి. గాఢమైన బ్లీచింగ్ పొడి ఆ జాతిదే. అందుకే దాన్ని కిరసనాయిలు పక్కనో నూనె గుడ్డల పక్కనో పెట్టకూడదు.

ఇంటికి సంబంధించినంతవరకు ఆగి చూడాల్సినవి మూడు. మొదటిది కాల్చివేసే పదార్థాల గుర్తు. రెండు గొట్టాల నుంచి చుక్కలు కారుతుంటాయి. ఒకటి లోహపు పలక మీద పడి గుంట చేస్తుంది, రెండోది అరచేతి మీద పడుతుంది. ఈ బొమ్మ గీసినవాళ్లను మెచ్చుకోవాలి. భాష రాకపోయినా సంగతి తెలిసిపోతుంది. మరుగుదొడ్డి శుభ్రం చేసే యాసిడ్, సింకు పైపు తెరిపించే కాస్టిక్ సోడా దీని కిందికొస్తాయి. యాసిడ్‌కి భయపడేవాళ్లు కూడా తెల్లగా ఉప్పులా కనిపించే కాస్టిక్ సోడాను తేలిగ్గా తీసుకుంటారు. దాని మీద నీళ్లు పోస్తే మరిగి పైకి చిమ్ముతుంది, కంట్లో పడితే కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి పోతుంది. యాసిడ్ కంటే క్షారమే కంటికి ఎక్కువ ప్రమాదమని కంటి డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు.

రెండోది మనిషి ఛాతీ మీద నక్షత్రంలా పగుళ్లు వారిన బొమ్మ. దీని అర్థం చాలా విశాలం: దీర్ఘకాలంలో క్యాన్సర్ తెచ్చేవి, గర్భంలోని బిడ్డకు చెరుపు చేసేవి, పీలిస్తే ఉబ్బసం తెచ్చేవి, మింగితే ఊపిరితిత్తుల్లోకి జారేవి, అన్నీ ఇందులోనే. ఇళ్లలో ఎక్కువగా తగిలేది ఆఖరిది. కిరసనాయిలు, టర్పెంటైన్, థిన్నర్ పల్చగా ఉంటాయి. పసివాడు ఒక్క గుక్క వేసినా దగ్గులో అది పొట్టలోకి పోవాల్సింది పోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. కక్కిస్తే అదే నూనె రెండోసారి గొంతు దాటి పైకొస్తుంది, మరింత లోపలికి జారుతుంది. కాబట్టే కిరసనాయిలు తాగిన బిడ్డకు ఉప్పునీళ్లో సబ్బునీళ్లో పట్టి కక్కించకూడదు. ఛాతీ మీది నక్షత్రం చెబుతున్న ఈ సంగతిని మన ఊళ్లలో పెద్దవాళ్లందరికీ తెలియజెప్పగలిగితే చాలు, ఆ ఒక్క బొమ్మ ఎన్నో ప్రాణాలు కాపాడుతుంది.

మూడోది ఆశ్చర్యార్థకం. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అన్నిటికంటే తక్కువగా చెప్పేది. దురద, కళ్ల మంట, మగత, మింగితే ఒక మోస్తరు విషం, అన్నిటికీ ఇదే. "జాగ్రత్త" అంటుంది గానీ ఎందుకో చెప్పదు. యూరోపియన్ యూనియన్ 2011లో ప్రచురించిన జనాభిప్రాయ సర్వేలో మంట గుర్తు ఎక్కువమందికి అర్థమైంది. ఆశ్చర్యార్థకం, ఛాతీ నక్షత్రం విషయంలో చాలామంది తడబడ్డారు. అక్కడి పరిశీలనల్లో తేలిన ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. జనం సీసా మీది గుర్తు చూసి జాగ్రత్త పడటం అరుదు. అది ఏ రకం సరుకు, తమకు ఎంత అలవాటైంది అన్నదాన్ని బట్టే జాగ్రత్త పడతారు. రోజూ వాడే వస్తువు మీద ఎంత పెద్ద గుర్తున్నా కంటికి ఆనదు. మన వంటింట్లో గ్యాసు బండ సంగతే చూడండి. దాని మెడ దగ్గరి పట్టీల లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి ఆ తర్వాతి మూడేసి నెలలు, అంకెలు సంవత్సరం. ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాల్సిన గడువది. ఏళ్లుగా బండ మార్చుకుంటున్నవాళ్లలో ఆ అక్షరం చూసి తీసుకునేవాళ్లు ఎందరు?

చిన్నపిల్లల విషయంలోనైతే బొమ్మల మీద ఆశ పెట్టుకోవడమే తప్పు. పుర్రెను చూస్తే అమెరికా పిల్లలకు సముద్రపు దొంగలు గుర్తొచ్చి ముచ్చటేస్తోందని, పైగా పిట్స్‌బర్గ్ నగరపు బేస్‌బాల్ జట్టు పేరే 'పైరేట్స్' అని గమనించి, అక్కడి పిల్లల ఆసుపత్రి డాక్టర్ రిచర్డ్ మోరియార్టీ 1971లో కొత్త బొమ్మ తయారుచేయించాడు. ఆకుపచ్చ ముఖం, ముడుచుకున్న కళ్లు, బయటపెట్టిన నాలుక. పేరు మిస్టర్ యక్. దేశమంతా అంటించారు. తర్వాత పరిశోధకులు పరీక్షించి చూస్తే రెండు మూడేళ్ల పిల్లలు ఆ బొమ్మ చూసి వెనక్కి తగ్గలేదు, కొందరు దాని కోసమే సీసా దగ్గరికి వెళ్లారు. గుర్తులు పెద్దవాళ్ల కోసం. పిల్లల కోసం కావలసింది అందని ఎత్తు, తెరుచుకోని మూత.

ఇక మన దేశం సంగతి. మనకూ ఒక గుర్తుల పద్ధతి ఉంది, అది ఐక్యరాజ్యసమితి పుస్తకం కంటే మూడు దశాబ్దాలు ముందుది. 1968 పురుగుమందుల చట్టం, దాని కింద 1971లో వచ్చిన నియమాలు. ఆ నియమాల ప్రకారం ప్రతి పురుగుమందు ప్యాకెట్ మీదా మూల మీద నిలబెట్టిన చదరం ఉండాలి. లేబుల్ ముఖంలో కనీసం 16వ వంతు స్థలం దానికివ్వాలి. చదరాన్ని అడ్డంగా రెండు త్రికోణాలు చేస్తారు. కింది త్రికోణంలో రంగు, పైదానిలో మాట. ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. లెక్క ఎలుకల మీద కట్టింది: పరీక్షించిన ఎలుకల్లో సగం చావడానికి కిలో బరువుకు 50 మిల్లీగ్రాములలోపు చాలితే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. రైతులకు ఈ రంగులు బాగా తెలుసు. పత్తి చేలలో మందు కొట్టేవాళ్లకు డీలర్లూ వ్యవసాయాధికారులూ చెప్పీ చెప్పీ అలవాటు చేశారు. పట్నాల్లో ఉన్నవాళ్లకు తెలియనిదల్లా తమ పడగ్గదిలోని దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే ద్రవం, బొద్దింకల స్ప్రే, గోడ మూల గీసే చీమల సుద్ద, ఇవన్నీ అదే చట్టం కింద నమోదు కావలసినవని. ఆ డబ్బా తిప్పి చూడండి, ఒక మూల ఆ రంగు చదరం ఉంటుంది. లేకపోతే ఆ సరుకు దొడ్డిదారిన వచ్చినట్టే అనుకోవాలి.

ఈ పద్ధతిలో మెచ్చుకోదగ్గది సరళత. నాలుగే రంగులు, నాలుగు మెట్లు. చదువు రానివాళ్లకు కూడా చెప్పవచ్చు. కానీ రెండు లోపాలున్నాయి, రెండూ చిన్నవి కావు.

మొదటిది, పుర్రె ఎర్ర త్రికోణానికి మాత్రమే పరిమితం. పసుపు త్రికోణం పైన 'విషం' అన్న మాట ఉంటుంది గానీ బొమ్మ ఉండదు. ఐక్యరాజ్యసమితి పద్ధతిలోనైతే కిలోకి 300 మిల్లీగ్రాముల దాకా పుర్రె ఉండాల్సిందే. అంటే కిలోకి 100 మిల్లీగ్రాములకే చంపగల మందు యూరప్‌లో పుర్రెతో అమ్ముడవుతుంది, మన దగ్గర పుర్రె లేకుండా అమ్ముడవుతుంది. ఇంకా నీలం త్రికోణం మీద ఉండే మాట 'డేంజర్'. అది మన వరసలో మూడో మెట్టు. అదే మాట ఐక్యరాజ్యసమితి వరసలో అన్నిటికంటే పైది. దేశాలు తిరిగే సరుకుకి ఇది చిన్న తేడా కాదు.

రెండోది ఆకుపచ్చ. మన తిండి ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. 2014 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద కూడా ఆ చుక్క వేయించారు. ఆకుపచ్చ అంటే మంచిది, పవిత్రమైనది, తినదగినది అని మన కన్ను స్థిరపడిపోయింది. ఆ కంటికే దోమల మందు మీది ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తుంది.

"చంటిపిల్లలున్న ఇంట్లో వాడొచ్చా అన్నా?"

"పచ్చ గుర్తుంది కదమ్మా, ఏం కాదు. నిశ్చింతగా పెట్టుకో."

కిరాణా కొట్లలో వినిపించే మాటే ఇది. కొట్టతను మోసం చేయడం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. ఆ ఆకుపచ్చ విషం లేదని చెప్పడం లేదు, నాలుగు మెట్ల విషంలో కింది మెట్టు అని చెబుతోంది. పైగా ఆ కొలత మింగడం, చర్మానికి అంటడం గురించి. మూసిన గదిలో రాత్రంతా పొగ పీల్చే ఉబ్బసం రోగి గురించి ఆ త్రికోణం ఏమీ చెప్పదు. రంగుల మీద ఇంత బరువు పెట్టిన దేశం ఒకే రంగుకి రెండు వ్యతిరేకార్థాలు ఇవ్వడం నా దృష్టిలో ఈ పద్ధతిలోకెల్లా పెద్ద తప్పు.

పురుగుమందుల నుంచి ఒక అడుగు పక్కకేస్తే ఆ రంగులూ ఉండవు. మరుగుదొడ్డి యాసిడ్, ఫినాయిల్, బ్లీచ్, పైపు పొడి పురుగుమందులు కావు. అవి చాలావరకు మామూలు ప్యాకెట్ సరుకుల కిందికి పోతాయి. ఆ సరుకులకు 2011 తూనికలు కొలతల నియమాలు వర్తిస్తాయి. తయారీదారు పేరు, బరువు, ధర, తేదీ తప్పనిసరి. ఈ వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు, తెలుగు అదనం, వేస్తే వేయొచ్చు. అదే పురుగుమందుల నియమాలు సరుకు అమ్ముడయ్యే ప్రాంతపు భాషలో కూడా లేబుల్, కరపత్రం ఉండాలని అడుగుతాయి. అంటే దోమల మందు తెలుగులో మాట్లాడటానికి చట్టం ఉంది, యాసిడ్ తెలుగులో మాట్లాడటానికి లేదు. కర్మాగారాల్లో ఉండే ప్రమాదకర రసాయనాలకు 1989లో వేరే నియమాలు వచ్చాయి. భోపాల్ గ్యాసు దుర్ఘటన తర్వాత రాకతప్పని నియమాలవి. కానీ వాటి చూపు గోడౌన్ల మీద, పీపాల మీద. తలకు వేసే రంగుకి ఇంకో చట్టం. ఆ డబ్బా మీద ముందుగా కొద్దిగా చర్మం మీద పరీక్షించుకోవాలని, కనుబొమలకు వాడితే చూపు పోవచ్చని ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ రాయాలి. మంచిదే. ఆ తప్పనిసరి హెచ్చరికలో నోట్లోకి పోతే ఏమవుతుందన్న మాట లేదు. కొన్ని రంగుల్లో ఉండే రసాయనం గొంతు వాచేలా చేసి ఊపిరి ఆపేయగలదు.

ఐక్యరాజ్యసమితి గుర్తులను మన దేశంలోకి తెచ్చే రసాయనాల నియమాల ముసాయిదా 2020లో బయటికొచ్చింది. ముసాయిదా దశలోనే ఏళ్లు గడిచాయి. పెద్ద కంపెనీలు కొన్ని ఈలోగా సొంతంగానే ఎర్ర చదరాలు వేస్తున్నాయి, నొక్కి తిప్పితే తప్ప రాని మూతలు పెడుతున్నాయి. చట్టం అడగకముందే చేసినందుకు వాళ్లను అభినందించాలి. కానీ అలాంటి సీసా ఒకటి తెచ్చి చదవబోతే ఏమవుతుందో చూడండి. ముందువైపంతా నిమ్మకాయ, మెరుపు, 'పది రెట్లు శుభ్రం' అన్న గర్జన. వెనకవైపు ఇరుకు స్థలంలో రెండు భాషలు, బార్‌కోడు, ధర, చిరునామా. హెచ్చరిక ఆ కిక్కిరిసిన వరసల్లో ఎక్కడో. బాత్రూం తడికి ఆ చీటీ నెల తిరక్కముందే సగం ఊడిపోతుంది. యూరప్ నియమం ప్రకారం ఒక్కొక్క గుర్తు కనీసం ఒక చదరపు సెంటీమీటరు ఉండాలి, లేబుల్‌లో 15వ వంతుకి తగ్గకూడదు. అంత చిన్న కోరిక కూడా మన బాత్రూం సీసాకి చట్టం కోరడం లేదు.

బ్రాండు సీసాల గోడు ఇదైతే, అసలు చీటీయే లేని సరుకు సంగతి వేరు. "ఫినాయిల్... యాసిడ్..." అని కేకలేసుకుంటూ సైకిళ్ల మీద, టీవీఎస్ బండ్ల మీద, ఆటోల్లో వీధుల్లోకి వచ్చేవాళ్ల దగ్గర కొనని ఊరు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అరుదు. క్యాన్లోంచి వంచి మన సీసాలోనే పోస్తారు. మన సీసా అంటే ఏమిటి? తాగేసిన కూల్‌డ్రింక్ సీసా, నీళ్ల సీసా. దాని మీద నారింజ పండు బొమ్మో, మంచినీళ్ల పేరో ఉంటుంది. లోపల ఉన్నది నీళ్లలా తెల్లగా, లేదా షర్బత్‌లా రంగుగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నం ఆడుకుని దాహంతో పరుగెత్తుకొచ్చిన పిల్లాడికీ, రాత్రి కరెంటు పోయినప్పుడు తడుముకునే తాతగారికీ ఆ సీసా చెప్పే కబురు 'తాగు' అనే. ఎర్ర చదరం లేకపోవడం కంటే ఇది ఘోరం. ఇక్కడ తప్పుడు గుర్తు ఉంది.

యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 జూలై 18న ఇచ్చిన ఆదేశాలు ఈ విడి అమ్మకాలకు కళ్లెం వేశాయి. కొన్నవారి వివరాలు రిజిస్టర్లో రాయాలి, ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు. వీధిలో క్యాన్ వంచి పోసే మనిషి దగ్గర రిజిస్టర్ ఎక్కడుంటుంది? ఈ ఆదేశాలు గట్టిగా అమలైతే దాడులతోపాటు ఇంటి ప్రమాదాలూ తగ్గుతాయని నా నమ్మకం.

కిళ్లీ కొట్టులో దొరికే తినే సున్నం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్న ప్లాస్టిక్ పొట్లం, పిల్లాడు చేత్తో నొక్కుతాడు, పొట్లం పగిలి సున్నం కంట్లోకి చిమ్ముతుంది. సున్నం క్షారం. చూపు పోయిన పసివాళ్ల గురించి మన కంటి డాక్టర్లు వైద్య పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. దాన్ని రసాయనమని ఎవరూ అనుకోరు, కాబట్టి గుర్తు వేయాలనీ ఎవరికీ తోచదు. కర్పూరం అంతే. పటికబెల్లం ముక్కలా ఉంటుంది, నోట్లో వేసుకున్న పసిబిడ్డకు కొద్ది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. కలరా ఉండలు పెట్టిన బట్టలు ఎండలో ఆరేయకుండా పసిగుడ్డుకి చుడితే, పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న బిడ్డకు రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. యూరోపియన్ యూనియన్ 2008లో ఈ నాఫ్తలీన్ ఉండలను నిషేధించింది. ఎలుకల మందు పేస్టు ట్యూబు టూత్‌పేస్ట్ ట్యూబులాగే ఉంటుంది. పసుపు భాస్వరం ఉన్న రకమైతే నోట్లోకి పోయిన మొదటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు, కాలేయం ఆ తర్వాత దెబ్బతింటుంది. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఉంచేయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గుర్తు చేయలేని పనులూ ఉన్నాయి. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో, లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. శానిటైజర్ సీసా మీద సాధారణంగా మంట గుర్తుంటుంది, పైపూతకే అన్న ఇంగ్లీషు ముక్క ఉంటుంది. తాగేది కాదని వాళ్లకు తెలియక కాదు. వ్యసనం ముందు ఏ చీటీ నిలవదు. దానికి కావలసింది వైద్యం.

రెండు సీసాలు కలిసినప్పుడు పుట్టే ప్రమాదాన్ని ఏ ఒక్క సీసా గుర్తూ పూర్తిగా చెప్పలేదు. మరుగుదొడ్డి యాసిడ్ మీద బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువదే. పండగ ముందు ఇల్లు కడిగేటప్పుడు, మరక వదలట్లేదని ఒకదాని మీద ఒకటి పోసి, తలుపు మూసిన చిన్న బాత్రూంలో వంగి రుద్దేది ఇంటి ఇల్లాలో పనిమనిషో. యూరప్‌లో క్లోరిన్ వదిలే గృహోపయోగ సరుకుల మీద వేరే సరుకులతో కలిపి వాడవద్దు, ప్రమాదకర వాయువులు రావచ్చు అని తప్పనిసరిగా రాయాలి. బొమ్మ కాదు, వాక్యం. ఇదే వాక్యం మన ప్రతి బ్లీచ్ సీసా మీదా, ప్రతి యాసిడ్ సీసా మీదా పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. నన్నడిగితే 9 బొమ్మల కంటే ముందు రావలసింది ఇది. దగ్గు, కళ్ల మంట మొదలైతే కడగడం ఆపి బయటికి గాలిలోకి వచ్చేయాలి, పని తర్వాత.

స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచవద్దని రాసి ఉంటుంది. రెంటచింతల ఎండలో, రామగుండం ఎండలో మే నెలలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల ఆ వేడి ఇట్టే దాటుతుంది. సెంటు డబ్బా డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. ఖాళీ అయిందని చెత్తమంటలో వేయకండి.

పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లొచ్చే తల్లిదండ్రులకు ఒక మాట. లండన్‌లో, బెర్లిన్‌లో సింకు కింద సీసాలన్నిటి మీదా ఎర్ర చదరాలు కనిపిస్తాయి. డాలస్‌లో, న్యూజెర్సీలో అవి సాధారణంగా ఉండవు. అమెరికా ఇంటి సరుకులకు 1960 నాటి చట్టం నడుస్తోంది, అక్కడ మాటలే గుర్తులు: డేంజర్ అంటే తీవ్రం, వార్నింగ్, కాషన్ అంతకంటే తక్కువ. చదరం లేదు కాబట్టి ఫరవాలేదు అనుకోవద్దు. బట్టలుతికే మెషీన్లో వేసే రంగురంగుల జెల్ గుళికలు మనవళ్లకు మిఠాయిల్లా కనిపిస్తాయి. పై అరలో పెట్టించండి. అక్కడ విషప్రమాదాల సలహా నంబరు 1-800-222-1222, దుభాషి సాయం కూడా అడగవచ్చు.

అమెరికా 1970లోనే పిల్లలు తెరవలేని మూతలకు చట్టం చేసింది. పిల్లల గుంపుకి డబ్బాలిచ్చి తెరవమంటారు, ఎక్కువమంది తెరవలేకపోతేనే ఆ మూతను ఒప్పుకుంటారు. మందుల వల్ల, రసాయనాల వల్ల పసివాళ్ల మరణాలు ఆ తర్వాత బాగా తగ్గాయి. యూరప్ ఇంకో అడుగు వేసి లేబుల్ మీద 16 అక్షరాల కోడు వేయిస్తోంది. విషకేంద్రానికి ఫోన్ చేసి ఆ కోడు చదివితే సీసాలో ఏమేం ఎంతెంత ఉన్నాయో అవతలివాళ్లకు తెలుస్తుంది. మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. కానీ వీధిలో పోయించుకున్న నీలం రంగు నీళ్ల గురించి ఆ డాక్టరుకి మనం ఏం చెప్పగలం?

కాబట్టి కేంద్రం ఆ రసాయనాల నియమాల ముసాయిదాకు త్వరగా మోక్షమివ్వాలి. ఇంటి సరుకులను అందులోంచి తప్పించకూడదు. పురుగుమందులకు ఉన్న ప్రాంతీయ భాష నియమాన్ని యాసిడ్‌కీ బ్లీచ్‌కీ వర్తింపజేయమని మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలు అడగాలి. ఆకుపచ్చ త్రికోణం రంగు మార్చాలి. బడిలో సైన్సు పాఠంలో పిల్లలకు మూలకాల సంకేతాలతోపాటు ఈ 9 బొమ్మలూ నేర్పితే, ఆ పిల్లలే ఇంటికెళ్లి అమ్మమ్మకు చదివి చెబుతారు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి చేద్దాం. ఏ రసాయనాన్నీ కూల్‌డ్రింక్ సీసాలో, నీళ్ల సీసాలో పోయించుకోవద్దు, పోసి దాచవద్దు. పక్కింటి పిన్నిగారు అలా దాచి ఉంటే ఆవిడకూ చెప్పండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పి ధారగా పారే నీళ్లతో కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడగాలి, కంట్లో పడినా అంతే. సున్నంలాంటి పొడి అయితే ముందు దులిపి తర్వాత కడగాలి. మింగితే కక్కించవద్దు, నోరు పుక్కిలింపజేసి, ఆ సీసానో ప్యాకెట్‌నో వెంట పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. అంబులెన్సుకి 108, ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి 1800 116 117. ఈ రెండు నంబర్లూ ఇవాళే ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.